నాన్నగారి ప్రసంగాలు వెతుక్కుంటూ పదకొండు నెలలు

నాన్నగారు 2023 డిసెంబర్ 6న పోయారు. ముందురోజే మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోనసీమ అంతా వాన. శ్మశానం దారిలో మోకాలి లోతు బురద. ఆ బురదలోనే లంకల నుంచి జనం నడిచి వచ్చారు. ఆయన ఎమ్మెల్యే పదవి పోయి అప్పటికి 34 ఏళ్లు. అంతమంది వస్తారని మేం అనుకోలేదు.

పన్నెండో రోజు భోజనాల దగ్గర, పల్లిపాలెం నుంచి వచ్చిన ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని, "మాస్టారు అసెంబ్లీలో మా ఊరి గురించి మాట్లాడేరండి బాబూ. ఆ మాటలు ఎక్కడన్నా రాసి ఉంటాయాండీ?" అని అడిగాడు. నాకేం చెప్పాలో తెలియలేదు. కొడుకునై ఉండి, ఆయన సభలో ఏం మాట్లాడారో నాకు ఒక్క ముక్క కూడా తెలియదు.

నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. 1982లో ఎన్.టి. రామారావు గారు తెలుగుదేశం పార్టీ పెట్టాక ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి అందులో చేరారు. 1983 జనవరి 5న జరిగిన ఎన్నికల్లో గెలిచారు. 1985లో మళ్లీ గెలిచారు. 1989లో ఓడిపోయారు. తర్వాత ఎప్పుడూ నిలబడలేదు. మంత్రి కాలేదు, ఏ కార్పొరేషన్‌కీ చైర్మన్ కాలేదు. అందుకే ఆయన గురించి ఎవరూ ఏమీ రాయలేదు. సంవత్సరీకం నాటికి ఆయన సభలో మాట్లాడినవన్నీ ఏరి చిన్న పుస్తకం వేద్దామని నేను, చెల్లి అనుకున్నాం. రెండు నెలల్లో అయిపోతుందనుకున్నాను. ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఏ నెలలో ఏం జరిగిందో రాస్తున్నాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు, 2024 జనవరి 16న, కనుమ నాటి సాయంత్రం ట్రంకు పెట్టె తెరిచాం. ప్రసంగాల కాగితాలు ఒక్కటి కూడా లేవు. వాడని లెటర్‌హెడ్లు ఉన్నాయి, పసుపురంగు తిరిగిపోయాయి. పురికొసతో కట్టిన అర్జీల కట్టలు ఏడు. పింఛను ఇప్పించమని, బస్సు వేయించమని, కొడుక్కి అటెండరు ఉద్యోగం చూడమని. ప్రతి అర్జీ వెనకా పెన్సిల్‌తో నాన్నగారు ఏ తేదీన ఎవరికి రాశారో, ఏం జవాబొచ్చిందో రాసుకున్నారు. చాలావాటి వెనక "కాలేదు" అని ఉంది. కానివాటిని కూడా ఆయన పారెయ్యలేదు.

అడుగున ఒక ఇన్‌లాండ్ లెటర్ దొరికింది. 1984 ఆగస్టు నాటిది, నంది హిల్స్ నుంచి.

ఆ నెల సంగతి మా వయసు వాళ్లందరికీ గుర్తుంటుంది. ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్, రామారావు గారి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. నాదెండ్ల భాస్కరరావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. రామారావు గారి వైపున్న ఎమ్మెల్యేలను ముందు రామకృష్ణా స్టూడియోలో ఉంచి, తర్వాత కర్ణాటక తీసుకెళ్లారు. మా నాన్నగారు వాళ్లలో ఒకరు. నాకు పదేళ్లు. ఊళ్లో ఫోను పోస్టాఫీసులో ఒక్కటే. ట్రంక్ కాల్ బుక్ చేద్దామంటే ఎక్కడికి చెయ్యాలో తెలియదు. వారం తిరిగేసరికి ఆయన అవతలి వైపు వెళ్లిపోయారని, డబ్బు తీసుకున్నారని పుకారు పుట్టింది. ఒక సాయంత్రం ముప్ఫై నలభై మంది వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు, ఏమీ అడగలేదు. ఊరికే నిలబడ్డారంతే. అమ్మ బయటికి వచ్చి, "అలాంటి పని చేసి ఆయన ఈ ఇంటికి రారండి. నాకు తెలుసు" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి అమ్మ వంట చెయ్యలేదు. సెప్టెంబర్ 16న రామారావు గారు మళ్లీ ప్రమాణ స్వీకారం చేసేదాకా బడిలో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. నాన్నగారు ఇంటికి వచ్చాక నేను ఆయన దగ్గరికి వెళ్లలేదు. చాలా కాలం వెళ్లలేదు.

ఉత్తరంలో రాజకీయం ఒక్క ముక్క లేదు. "ఇక్కడ చలిగా ఉంది. దుప్పట్లు ఇచ్చారు. కొబ్బరి దింపు ఆపవద్దు, మన కోసం ఎదురుచూస్తే కాయ పాడవుతుంది. పెద్దాడికి భిన్నాల కూడిక రావటం లేదు, అది ఇప్పుడు పట్టుకోకపోతే ఎనిమిదిలో ఇబ్బంది పడతాడు. ఎవరి దగ్గరైనా కూర్చోబెట్టు."

నేను అమ్మకి చూపించాను. "అప్పుడే నీకు చదివి వినిపించానురా. నువ్వు వినిపించుకోలేదు" అంది. నాకు గుర్తు లేదు. ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో కూడా తెలియదు.

ఫిబ్రవరిలో అసలు పని మొదలైంది. శాసనసభ చర్చలు రోజువారీగా అచ్చయ్యేవి. పాత సంపుటాలు చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. మొదటి రాత్రి చాలా సంబరపడ్డాను. మర్నాటికి కష్టం అర్థమైంది. అవి బొమ్మలు. పేరు టైపు చేసి వెతకడం కుదరదు. ఒక్కో రోజు సమావేశాన్నీ తెరిచి, ముందు పేజీల్లో విషయసూచిక చూసి, ఆ తర్వాత లోపల ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోవాలి. మాట్లాడినవాళ్ల పేర్లు సూచికలో అన్నీ ఉండవు. బడ్జెట్ పద్దుల మీద చర్చ జరిగిన రోజైతే పేజీలు వందల్లో ఉంటాయి. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా, రోజుకి రెండు సమావేశాలు. అంతకంటే సాగలేదు. కళ్లు మండేవి. ఫోనులో చూడొద్దు, పెద్ద స్క్రీను ఉండాల్సిందే.

రెండో చిక్కు పేర్లు. నాన్నగారి పేరే ఉన్న ఇంకో సభ్యుడు అదే సభలో ఉన్నారు. ఇంటి పేరు పొడి అక్షరం ఒక్కటే తేడా. నేను మూడు ప్రసంగాలు రాసుకున్నాక, నాలుగో దాంట్లో బోరు బావులు ఎండిపోయాయని, వేరుశనగ పోయిందని వస్తే అనుమానం వచ్చింది. మా కోనసీమలో వేరుశనగ ఏమిటి? వెనక్కి వెళ్లి చూస్తే ఆ మూడూ ఆయనవే, రాయలసీమ సభ్యుడివి. పన్నెండు రాత్రుల పని పోయింది. అందుకే చెబుతున్నాను, మొదటి రోజే పొడి అక్షరాలు, నియోజకవర్గం సరిచూసుకోండి.

ఇంకో విషయం. కొన్ని ప్రసంగాల మొదట్లో చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. అది, మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నల మీద ఉండే నక్షత్రం కాదు. సభ్యుడు తన ప్రసంగం ప్రతిని చూసి సరేనని సకాలంలో తిప్పి పంపలేదని ఆ గుర్తుకి అర్థం, పేజీ అడుగున రాసి ఉంటుంది. నాన్నగారి ప్రసంగాల్లో దాదాపు అన్నిటికీ ఆ గుర్తు ఉంది. విద్యార్థుల పేపర్లలో దీర్ఘం తప్పినా ఎర్ర సిరాతో దిద్దే మనిషి, తన మాటలు మాత్రం దిద్దుకోలేదు. అమ్మని అడిగితే, "సభ అయిన రాత్రే రైలెక్కేసేవారు కదరా. పొద్దున్నే రాజమండ్రిలో దిగి, ఇంటికి వచ్చేసరికి అరుగు మీద జనం. ఇంక కాగితాలు చూసేది ఎప్పుడు?" అంది.

మార్చికి నా దగ్గర ఖాళీలు తేలాయి. కొన్ని రోజుల స్కాన్లు చదవడానికి రాలేదు, కొన్నిట్లో పేజీలు లేవు. అచ్చు ప్రతులు ఉన్న ఒక ఆఫీసుకి మార్చి 11న అర్జీ పెట్టాను. వారంలో చెబుతామన్నారు. 16న ఎన్నికల కోడ్ వచ్చింది. సిబ్బంది అంతా ఎన్నికల పనుల్లో ఉన్నారు, జూన్ తర్వాత రమ్మన్నారు. వెళ్లిన ప్రతిసారీ ఒక పూట సెలవు పోయేది. నాలుగుసార్లు వెళ్లాను. కోపం రాలేదని చెప్పను. ఆఖరికి ఒక గ్రంథాలయంలో బైండు చేసిన సంపుటాలు ఉన్నాయని తెలిసి, ఏప్రిల్‌లో రెండు శనివారాలు అక్కడ కూర్చున్నాను. అక్కడి ఉద్యోగిని చాలా ఓపిగ్గా తీసిచ్చారు. "మీ నాన్నగారివా?" అని అడిగి, మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికి ఫ్యాను తిప్పారు. జిరాక్స్ పేజీకి మూడు రూపాయలు. వేసవిలో పాత కాగితం పెళుసుగా ఉంటుంది, వెడల్పుగా తెరిస్తే బైండింగ్ దగ్గర విరిగిపోతుంది. ఫోనుతో ఫొటో తీసుకోవడమే మంచిది.

మే 13న ఓటు వెయ్యడానికి ఊరెళ్లాను. అమ్మని వీల్‌చైర్‌లో బూతుకి తీసుకెళ్లాం. నాన్నగారు లేకుండా అమ్మ వేసిన మొదటి ఓటు. బయటికొచ్చి వేలి మీద సిరా చూసుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు.

జూన్, జూలై నెలల్లో మిగతా పేజీలు తిప్పాను. మొత్తం ఆరున్నరేళ్లకు పైగా సభ్యత్వంలో నాన్నగారి పేరు 41 చోట్ల కనిపించింది. అందులో ప్రశ్నలే ఎక్కువ. నిలబడి మాట్లాడినవి పద్నాలుగే. అన్నీ కలిపి చదివితే గంటన్నర పట్టదు. ఆ గంటన్నర కోసం ఆయన ఇంట్లో లేని రాత్రులు ఎన్నో నేను లెక్కపెట్టలేను. మొదట నాకు దుఃఖం వచ్చింది. ఇంతేనా అనిపించింది.

మా పాయ మీద వంతెన గురించి మూడుసార్లు అడిగారు, 1983లో, 1986లో, 1988లో. వంతెన ప్రతిపాదన ఉందా? లేదండి. ఉంటే ఎప్పటికి పూర్తవుతుంది? ప్రశ్న ఉత్పన్నం కాదు. మూడుసార్లూ ఇదే జవాబు. మూడోసారి ఆయన అనుబంధ ప్రశ్న వేశారు. "అధ్యక్షా, ఉత్పన్నం కావడానికి ఇంకా ఎంతమంది గర్భిణులు రేవులో ఆగిపోవాలి?" అన్నారు. పక్కన బ్రాకెట్లో అంతరాయం అని ఉంది. నెమ్మదిగా మాట్లాడే నాన్నగారు ఆ మాట ఎలాంటి గొంతుతో అన్నారో ఊహించుకుందామంటే నాకు రాలేదు. ఇప్పటికీ అక్కడ నావ మీదే దాటాలి.

1985లో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టినప్పటి గొడవ నాకు కొంత తెలుసు. మండల కేంద్రం మా ఊరికి రావాలని మావాళ్లంతా పట్టుబట్టారు. ఎమ్మెల్యే సొంత ఊరు కదా. నాన్నగారు మ్యాపు ముందు పెట్టుకుని, స్కేలుతో కొలిచి, అన్ని లంకలకూ దగ్గరగా ఉండే ఇంకో ఊరికి సిఫార్సు చేశారు. మా వీధిలోవాళ్లే మాట్లాడటం మానేశారు. మేనమామ గారు మా ఇంట్లో భోజనం చెయ్యడం మానేశారు, రెండేళ్లు. 1989లో మా ఊరి బూతులోనే నాన్నగారికి ఓట్లు తగ్గాయి. ఆ కొలతల కాగితం అర్జీల కట్టల్లో దొరికింది. ప్రతి లంక నుంచి రేవుకి ఎంత, రేవు నుంచి నడక ఎంత అని పట్టిక గీసి ఉంది. లెక్కల మాస్టారి పట్టిక. మా ఊరికి పదకొండో స్థానం.

ఆగస్టు 4, ఆదివారం రాత్రి, వరద ప్రసంగం దొరికింది.

1986 ఆగస్టు గోదావరి వరదని మావాళ్లు మర్చిపోలేరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా దగ్గర ఏటిగట్టుకి గండి పడింది. అమ్మ, నేను, చెల్లి, నాయనమ్మ డాబా మీద రెండు రాత్రులు ఉన్నాం. చుట్టూ ఎర్రనీళ్లు. పశువులు కొట్టుకుపోతుంటే వాటి అరుపులు వినపడేవి. నాయనమ్మ "వాడేడీ, వాడేడీ" అంటూనే ఉంది. నాన్నగారు మూడో రోజు మధ్యాహ్నం నావలో వచ్చారు. బట్టలు బురద, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమీ చెప్పకుండా గోడకి ఆనుకుని నిద్రపోయారు. నాకు అప్పుడు పన్నెండేళ్లు. ఎవరినో కాపాడ్డానికి వెళ్లి మమ్మల్ని వదిలేశారని అనుకున్నాను. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. కానీ 37 ఏళ్లు అది నాలోనే ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక నేను ఇంటికి తక్కువగా వెళ్లడానికి ఇది కూడా ఒక కారణం. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆ తర్వాత జరిగిన సమావేశాల్లో ఆయనకి మాట్లాడే అవకాశం వచ్చింది. ఒకటిన్నర పేజీ. అందులో ఇలా ఉంది: "అధ్యక్షా, మా ఇల్లు కూడా మునిగింది. ఆ సంగతి చెప్పడానికి నేను లేవలేదు. మాది డాబా. నా భార్యకి ధైర్యం ఉంది, పిల్లలని చూసుకోగలదని నాకు తెలుసు. పల్లెపాలెంలో 62 గడపలు, అన్నీ తాటాకు ఇళ్లు. అక్కడ ఎక్కడానికి డాబా లేదు. చెట్లెక్కినవాళ్లని దింపుకోవడానికి నావలు రెండే ఉన్నాయి." ఆ తర్వాత గంట మోగిందని ఉంది. "ఒక్క నిమిషం అధ్యక్షా" అని, పోయినవాళ్లు ముగ్గురి పేర్లు, వయసులు చెప్పారు. ఆ పేర్లు రికార్డులో ఉండాలని కోరారు. కూర్చున్నారు.

పద్నాలుగు ప్రసంగాల్లో మా ప్రస్తావన వచ్చింది ఆ ఒక్కచోటే. లైట్లు తీసేసి వరండాలోకి వెళ్లాను. మా ఆవిడ లేచి వచ్చి ఏమైందని అడిగితే చెప్పలేకపోయాను. పొద్దున్న ఆరింటికి అమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించాను. అమ్మ "ఆయ్" అని ఊరుకుంది. కాసేపయ్యాక, "నన్ను అడిగే వెళ్లారురా ఆ రోజు. నేనే వెళ్లమన్నాను" అంది. ఇన్నేళ్లూ ఈ మాట నాకెందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు అడగలేదు కదా" అంది.

సెప్టెంబర్‌లో టైపింగ్. బొమ్మలోని అక్షరాలను టైపు అక్షరాలుగా మార్చే ఓ.సి.ఆర్.తో పాత తెలుగు అచ్చు సరిగ్గా రాలేదు, ఒత్తులన్నీ చెదిరిపోయాయి. డి.టి.పి. చేసే కుర్రాడికి ఇచ్చాను. అతను అను ఫాంట్స్‌లో కొట్టాడు. పుస్తకానికి అది బాగానే ఉంటుంది గానీ, వాట్సాప్‌లో పంపుదామన్నా, ఇంటర్నెట్‌లో పెడదామన్నా అక్షరాలు కనపడవు. యూనికోడ్‌లోకి మార్చడానికి మళ్లీ ఒక వారం. ముందే అడిగి యూనికోడ్‌లో కొట్టించుకోండి. ప్రూఫులు నేనూ చెల్లీ మూడుసార్లు చూశాం. రికార్డులో ఉన్నదాన్ని మార్చకూడదని, తప్పులనిపించినా అలాగే ఉంచాం. అమ్మకి అదే నెలలో శుక్లాల ఆపరేషన్ కావడంతో ప్రూఫులు చూపించలేకపోయాం.

ఇంకో పొరపాటు నాది. డిసెంబర్ 6 మనసులో పెట్టుకుని ప్రెస్సుతో నవంబర్ నెలాఖరుకి మాట్లాడుకున్నాను. అక్టోబర్‌లో పురోహితుడు గారు తిథి చూసి సంవత్సరీకం నవంబర్ 24 అన్నారు. పన్నెండు రోజులు ముందుకి వచ్చింది. కార్తీక మాసం, పెళ్లి కార్డుల పనిలో ప్రెస్సులన్నీ తీరిక లేకుండా ఉన్నాయి. టెన్షన్‌తో రోజూ ఫోన్లు. చివరికి నవంబర్ 20న కట్టలు చేతికొచ్చాయి. 96 పేజీలు, 300 కాపీలు, అచ్చుకి 31,500 రూపాయలు. డి.టి.పి.కి 6,720, జిరాక్సులకి 1,860, ప్రయాణాలకి 11,000. మొత్తం 51,080. చెల్లి సగం వేసుకుంటానని పట్టుబట్టింది.

21న కట్టలు ఊరికి తీసుకెళ్లాను. మొదటి కాపీ అమ్మ చేతిలో పెట్టాను. కొత్త కళ్లద్దాలు పెట్టుకుని, అరుగు మీద కూర్చుని, మధ్యాహ్నం భోజనం కూడా చెయ్యకుండా చదివింది. వరద ప్రసంగం దగ్గర ఆగి నన్ను పిలిచింది.

"పల్లెపాలెం ఏమిటిరా? పల్లిపాలెం కదా. ఇలా అచ్చేస్తే ఆ ఊరు ఏదని ఎవరికి తెలుస్తుంది?"

రికార్డులో అలాగే ఉందమ్మా అన్నాను. సభలో రాసుకున్నవాళ్లకి అలా వినపడి ఉంటుంది, దిద్దే కాగితం వచ్చినా నాన్నగారు చూడలేదు, మనం మార్చకూడదని అలాగే వేశామని చెప్పాను. ప్రసంగం మొదట్లో ఉన్న నక్షత్రం గుర్తు చూపించి, దాని అర్థం కూడా చెప్పాను. అమ్మ ఆ గుర్తు మీద వేలు పెట్టి కొంతసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, నాన్నగారి బల్ల సొరుగులోంచి ఎర్ర బాల్‌పెన్ను తెచ్చుకుంది.

"ఆ కట్టలు విప్పి ఇలా పెట్టు" అంది.

ఆ సాయంత్రం, మర్నాడు, ఆ పై రోజు మధ్యాహ్నం దాకా అమ్మ కూర్చుని, ప్రతి కాపీలో 57వ పేజీ తెరిచి, ఎత్వం కొట్టేసి గుడి పెట్టింది. నేను, చెల్లి పేజీ తెరిచి అందిస్తుంటే తను దిద్దుతూ వెళ్లింది. 23న చివరి కాపీ దిద్ది పక్కన పెట్టి, పల్లిపాలెం ముసలాయనకి రేపు భోజనాల దాకా ఆగకుండా ఇవాళే ఒకటి పంపమంది. నేనే తీసుకుని రేవుకి వెళ్లాను. నావ అవతలి ఒడ్డున ఉంది. వచ్చేదాకా ఇరవై నిమిషాలు గట్టు మీద కూర్చున్నాను.